చీకటి పడ్డాక పొగ ఊరికే ఉండదు

పత్తి చివరి తీత అయిపోయాక చందర్లపాడు, నందిగామ, జగ్గయ్యపేట మండలాల్లో చేలు ఖాళీ చేసే పని మొదలవుతుంది. పత్తి కట్టె పీకించి కుప్పలు వేస్తారు. ఒకప్పుడు అందులో చాలా భాగం పొయ్యిలోకి పోయేది. గ్యాసు బండ వచ్చాక ఆ అవసరం తగ్గింది. మిగిలినదానికి నిప్పే గతి. వేసవి ముదిరేసరికి మిరప కట్టె, రెండో పంట వేసినచోట మొక్కజొన్న చొప్ప కూడా అదే దారి పడతాయి. అంటించే వేళ మాత్రం చాలాచోట్ల ఒకటే, పొద్దువాలాక. ఎండపూట గాలి ఎటు తిరుగుతుందో చెప్పలేం. పక్క చేలో వామి ఉంటుంది. కూలీలు కుప్పలు వేసి ముగించేసరికి ఎలాగూ సాయంత్రమవుతుంది. గాలి పడిపోయాక అంటిస్తే మంట అదుపులో ఉంటుందన్నది రైతు లెక్క. మంట వరకు ఆ లెక్క సరైనదే. పొగ లెక్క దానికి సరిగ్గా ఎదురు.

రాత్రి పొగ గురించి మనకు స్థిరపడిపోయిన ఊహ ఒకటుంది. అది కాసేపు చేల మీద పడుకుని, తెల్లవారాక లేచిపోతుందని. కళ్లకు కనిపించేదీ అదే. కానీ సాయంత్రం ఆరింటికి కుప్ప మీంచి లేచిన పొగా, ఉదయం ఆరింటికి ఊరి మీద పరచుకున్న పొగా రసాయనికంగా ఒకటి కావు. మధ్యలో గడిచిన పన్నెండు గంటల్లో అందులోని పదార్థాలు మారిపోతాయి, కొత్తవి పుడతాయి, రంగు ముదురుతుంది, నీటిని పట్టుకునే గుణం పెరుగుతుంది. గాలిలో రసాయన చర్యలకు ఎండే మూలమని చాలాకాలం అనుకున్న శాస్త్రవేత్తలు సైతం చీకటి చేసే పనిని ఈ మధ్యనే గట్టిగా లెక్కలోకి తీసుకుంటున్నారు. మన చట్టాలు, కొలతలు, ఉపగ్రహాలు మాత్రం ఇంకా పగటి పొగనే చూస్తున్నాయి.

ముందు గాలి సంగతి. ఎండ కాసినంతసేపు నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది. మన మెట్ట ప్రాంతంలో ఎండాకాలం మధ్యాహ్నం ఆ కలగలుపు కిలోమీటరు, కిలోమీటరున్నర ఎత్తుదాకా సాగుతుంది. పొగ అంత మేరా పలచబడుతుంది. పొద్దుగూకాక నల్లరేగడి నేల వేగంగా చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలినీ చల్లబరుస్తుంది. కింద చల్లగాలి, పైన వెచ్చని గాలి. కుండ మీద మూకుడు మూసినట్టే. చలికాలపు రాత్రి ఆ మూత నేలకు వంద, నూటయాభై మీటర్ల ఎత్తులోనే పడుతుంది. కృష్ణ ఒడ్డు గ్రామాల్లో నది తేమ కూడా తోడవుతుంది. అదే కుప్ప, అంతే పొగ. అది నిండాల్సిన గది మాత్రం పదో వంతుకు కుదించుకుపోయింది.

ఇక ఆ గదిలో జరిగే పని. మంట పొగలో నైట్రిక్ ఆక్సైడ్ ఉంటుంది. చుట్టూ ఉన్న ఓజోన్ తగలగానే, ఓజోన్ సరిపడా ఉంటే, నిమిషం తిరిగేలోపే అది నైట్రోజన్ డయాక్సైడ్‌గా మారుతుంది. ఈ డయాక్సైడ్ మళ్లీ ఓజోన్‌తో నెమ్మదిగా కలిసి నైట్రేట్ రాడికల్ అనే పదార్థాన్ని పుట్టిస్తుంది. ఒక నైట్రోజన్, మూడు ఆక్సిజన్ పరమాణువులు, జతలేని ఒక ఎలక్ట్రాన్. ఎదురైనదానితోనల్లా తలపడే రకం. పగలు దీనికి ఆయుష్షు లేదు, ఎండ తగిలితే ఐదు సెకన్లలో విరిగిపోతుంది. అందుకే దీన్ని పట్టుకోవాలంటే రాత్రి పట్టుకోవాలి. ఇది ఎర్ర కాంతిని పీల్చుకునే తీరును ఆధారం చేసుకుని, 1980లో ఉల్రిచ్ ప్లాట్ బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతపు కలుషిత గాలిలో దీని ఉనికిని నిరూపించింది. పగటి రసాయనానికి హైడ్రాక్సిల్ రాడికల్ ఎలాంటిదో, రాత్రికి ఇది అలాంటిది.

ఎంత పుడుతుంది? పొగ కొంత పలచబడ్డాక వంద కోట్ల గాలి అణువుల్లో నలభై ఓజోన్, పది నైట్రోజన్ డయాక్సైడ్ ఉన్నాయనుకుందాం. తెలిసిన చర్యావేగాలతో లెక్క కడితే గంటకు వంద కోట్లకు ఒకటి చొప్పున నైట్రేట్ రాడికల్ తయారవుతుంది. తక్కువే అనిపిస్తుంది. కానీ కట్టె పొగలోని కాటెకాల్ వంటి పదార్థాన్ని నిమిషాల్లో మాయం చేయడానికి లక్ష కోట్ల అణువులకు ఒక్క రాడికల్ నిలబడి ఉంటే చాలు. పుట్టింది పుట్టినట్టే ఖర్చయిపోతుంది కనుక రాత్రి పొడవునా పని ఆగదు. దట్టమైన పొగ నడిమధ్యలో ఓజోన్ అప్పటికే అడుగంటి ఉంటుంది. అక్కడ చర్య నిదానం. పొగ అంచులు తాజా గాలితో కలిసేచోట అది జోరందుకుంటుంది. పొగ పరచుకునే కొద్దీ అంచులే ఎక్కువవుతాయి.

ఏం తగలబెడుతున్నామన్నది ఇక్కడ ముఖ్యం. ఈ విషయంలో మెట్టకూ డెల్టాకూ తేడా ఉంది. వరిగడ్డి మెత్తని సరుకు. అందులో లిగ్నిన్ తక్కువ, ఇసుక జాతి సిలికా, క్లోరిన్ ఎక్కువ. పత్తి కట్టె అలా కాదు. అది దాదాపు చెక్కే. బరువులో నాలుగో వంతుకు అటూఇటూగా లిగ్నినే ఉంటుంది. చెట్టుకు గట్టిదనాన్నిచ్చే ఆ లిగ్నిన్ వేడికి విరిగితే ఫినాల్, క్రెసాల్, గ్వాయకాల్, కాటెకాల్ లాంటివి వెలువడతాయి. కట్టె పొగకుండే ఆ ప్రత్యేకమైన వాసన వీటిదే. (మిరపలో ఘాటునిచ్చే క్యాప్సైసిన్ అణువులో సైతం ఒక కొస గ్వాయకాల్ లాంటిదే. తాలుకాయలు మిగిలిన మిరప కట్టె పొగకు ఊరంతా ఎందుకు దగ్గుతుందో వేరే చెప్పనక్కర్లేదు.) నైట్రేట్ రాడికల్‌కు అత్యంత ఇష్టమైన ఆహారం సరిగ్గా ఈ ఫినాల్ జాతి. డెల్టాలో వరిగడ్డి పొగ గురించి పడుతున్న ఆందోళనలో సగమైనా మెట్ట పత్తి కట్టె మీద లేదు. రాత్రి రసాయనం దృష్టితో చూస్తే అది తలకిందులు.

మంట తీరు కూడా చూడాలి. కుప్ప భగ్గున మండుతున్నప్పుడు నైట్రోజన్ ఆక్సైడ్లు ఎక్కువ వస్తాయి. మంట చచ్చి కుమిలేటప్పుడు ఫినాళ్లు, జిడ్డు ఆవిరులు ఎక్కువ. సాయంత్రం అంటించిన కట్టె కుప్ప గంటసేపు మండి, తర్వాత రాత్రంతా కుములుతుంది. రాడికల్‌కు కావలసిన ముడిసరుకు ముందూ, దాని మేత తర్వాతా, రెండూ ఒకే మూత కింద చేరుతున్నాయి.

ఫినాళ్ల మీద నైట్రేట్ రాడికల్ పడితే నైట్రోఫినాళ్లు, నైట్రోకాటెకాళ్లు తయారవుతాయి. ఇవి ఆవిరిగా నిలవకుండా పొగ రేణువుల మీద పేరుకుంటాయి. పసుపు, గోధుమ రంగులో ఉండి సూర్యకాంతిలోని నీలి భాగాన్ని పీలుస్తాయి. శాస్త్రవేత్తలు బ్రౌన్ కార్బన్ అని పిలిచే పదార్థంలో ఇవి ఒక ముఖ్యభాగం. మసి లాగే ఇదీ గాలిని వేడెక్కిస్తుంది. ఎండ తగిలాక ఈ రంగు వెలుస్తుంది గానీ, గంటల్లో పోదు. అమెరికా కార్చిచ్చు పొగలో అది సగానికి తరగడానికి పట్టిన సమయాన్ని 2015లో 9 నుంచి 15 గంటలుగా లెక్కించారు. అంటే పగటి వెలుతురు మొత్తం.

2019లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా, వాతావరణ సంస్థ నోవా కలిసి ఫైరెక్స్-ఏక్యూ అనే పెద్ద అధ్యయనం చేశాయి. కార్చిచ్చుల మీదా, పొలాల్లో తగలబెట్టే వ్యర్థాల మీదా విమానాలు తిప్పాయి. కొన్ని రాత్రిపూట ఎగిరాయి. పొగలో ఫినాళ్ల మీద నైట్రేట్ రాడికల్ ఎంత పట్టు సాధిస్తుందో అక్కడ తేలింది. పొగ బాగా దట్టంగా ఉంటే లోపలికి ఎండ దిగక, పట్టపగలే ఈ చీకటి రసాయనం నడుస్తుందని కూడా తేలింది. 2020లో గ్రీసులోని పాత్రాస్ పరిశోధకులు కట్టె పొగను చీకటి గదిలో బంధించి, ఓజోన్, నైట్రోజన్ డయాక్సైడ్ కలిపి చూశారు. కొన్ని గంటల్లోనే రేణువులు ఆక్సీకరణ చెందాయి. ఎండలో రోజంతా తిరిగితే గాని రాదనుకున్న ముదురుతనం చీకట్లోనే వచ్చేసింది.

అలా ముదిరిన రేణువు నీటిని మరింతగా పట్టుకుంటుంది. తెల్లవారుజామున హైవే మీద మంచు ఎందుకంత దట్టంగా, అంత మురికిగా ఉంటుందో ఆలోచించేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. తేమ ఒక్కటే దానికి కారణం కాదు. ఆ తేమ కూర్చోవడానికి రాత్రి వేసిన పీట కూడా కారణం. మద్రాసు ఐఐటీకి చెందిన సచిన్ గుంథే బృందం 2021లో ఢిల్లీ మంచు గుట్టు ఇలాగే విప్పింది. చెత్త, ప్లాస్టిక్ తగలబెట్టగా వచ్చే క్లోరిన్ అమ్మోనియాతో కలిసి రేణువులను నీటితో ఉబ్బిస్తోందని చూపింది. 2023లో కాన్పూర్ ఐఐటీ సచ్చిదానంద్ త్రిపాఠీ బృందం మరో కోణం బయటపెట్టింది. ఢిల్లీ రాత్రుల్లో ఎండ ఊసే లేకుండా అతిసూక్ష్మ రేణువులు వేగంగా ఎదుగుతున్నాయి. కట్టె, గడ్డి పొగలోని ఆవిరులు చలికి రేణువుల మీద పేరుకోవడమే కారణం.

ఢిల్లీ అనుభవాన్ని మాత్రం యథాతథంగా చందర్లపాడుకు అంటించకూడదు. అదే సంవత్సరం వచ్చిన మరో అధ్యయనం ఢిల్లీ చలికాలపు రాత్రుల్లో నైట్రేట్ రాడికల్ దాదాపు పుట్టనే పుట్టడం లేదని చెప్పింది. వాహనాలు, జనరేటర్లు రాత్రంతా కక్కే నైట్రిక్ ఆక్సైడ్ అక్కడి ఓజోన్‌నంతా మింగేస్తోంది. ఒకవేళ రాడికల్ పుట్టినా, వంద కోట్లకు ఒక్క నైట్రిక్ ఆక్సైడ్ అణువు చుట్టూ ఉంటే చాలు, అది రెండు సెకన్లు కూడా బతకదు. అంటే వాహనాల పొగ చీకటి రసాయనాన్ని తొక్కిపెడుతుంది. ఈ వాదన మన దగ్గర ఎక్కడ వర్తిస్తుంది? నందిగామ, జగ్గయ్యపేటల మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారిని ఆనుకున్న చేలల్లో. రాత్రంతా లారీలు తిరిగే ఆ పట్టీలో ఓజోన్ నిలవదు. దానికి ఎడంగా కృష్ణ వైపు దిగితే లారీల పొగ పలచబడుతుంది, ఓజోన్ మిగులుతుంది, పొలం పొగ దానితో కలుస్తుంది. నగరం గాలి కన్నా పల్లె గాలి నయమన్న మాట రాత్రి పొగ విషయంలో చెల్లదు. రాత్రి రసాయనానికి అనువైన చోటు హైవేకు దూరంగా ఉన్న ఊరే.

ఆ ఊళ్లో రాత్రి ఆరుబయట ఎవరుంటారు? మిరప కల్లాల కాపలావాళ్లు. ఎండు మిరపకు ధర పలికిన ఏడాది కల్లం వదిలి ఇంట్లో పడుకునే రైతు లేడు. నెలల తరబడి రైతులు, కౌలుదార్లు, కూలీలు నేలను ఆనుకుని పట్టా కింద పడుకుంటారు. పొగ చిక్కగా ఉండేదీ సరిగ్గా ఆ ఎత్తులోనే. నైట్రోఫినాళ్లు జీవకణాలకు హాని చేస్తాయి. పొగలో ఉండే బహువలయ హైడ్రోకార్బన్లు కొన్ని నైట్రోజన్ చేర్చుకున్నాక జన్యువులను దెబ్బతీసే గుణాన్ని మరింత పెంచుకుంటాయి. పొద్దున దగ్గుతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చినవాణ్ణి రాత్రి ఎక్కడ పడుకున్నావని అడిగితే బాగుంటుంది.

ఇదంతా కొలతల్లో కనపడదా అంటే, కొలిచే పద్ధతే దాన్ని దాచేస్తుంది. మన జాతీయ ప్రమాణం ప్రకారం సన్న ధూళి, అంటే పీఎం 2.5, రోజు సగటున ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన గీతను 15కు దించింది, అది వేరే గొడవ. రాత్రి ఆరు గంటలపాటు 150, మిగతా పద్దెనిమిది గంటలు 30 ఉన్నాయనుకోండి. సగటు తీస్తే కచ్చితంగా 60. చట్టం దృష్టిలో ఆ ఊరి గాలి భేషుగ్గా ఉంది. కల్లంలో పడుకున్నవాడు పీల్చింది 150. పైగా ఈ అంకె బరువు మాత్రమే చెబుతుంది. ఆ ధూళి తాజా పొగో, రాత్రంతా నైట్రోజన్ పట్టించుకున్న పొగో దానికి తెలియదు.

ఉపగ్రహాలకూ ఇదే చిక్కు. పంట వ్యర్థాల మంటలను ఉపగ్రహ చిత్రాల్లో పట్టే పనిలో తెలుగు నేలకు పాత పేరుంది. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ నుంచి కె.వి.ఎస్. బదరీనాథ్, సహచరులు ఉత్తరాది గోధుమ, వరి మంటలను 2006లోనే లెక్కగట్టారు. కానీ మంటలను గుర్తించే ప్రధాన ఉపగ్రహ పరికరం మన మీదుగా మధ్యాహ్నం, అర్ధరాత్రి ఒకటిన్నర ప్రాంతాల్లో పోతుంది. సాయంత్రం ఆరున్నరకు అంటించి ఎనిమిదికల్లా మంట చల్లారిన కుప్ప రెండిటి మధ్యలో జారిపోతుంది. పంజాబ్‌లో మంటల సంఖ్య తగ్గిందని ప్రభుత్వాలు సంబరపడుతున్నప్పుడు, 2024లో నాసా శాస్త్రవేత్త హిరేన్ జెత్వా భూస్థిర ఉపగ్రహ చిత్రాలు ముందుపెట్టి, మంటలు తగ్గలేదు, సాయంత్రానికి జరిగాయని చెప్పారు. అక్కడ కొత్తగా వచ్చిన ఆ అలవాటు మన మెట్టలో ఎప్పటినుంచో ఉన్నదే. ఇక గాలిలోని పొగ మందాన్ని కొలిచే ఉపగ్రహ పరికరాల్లో ఎక్కువ భాగానికి సూర్యకాంతి కావాలి. రాత్రి వాటికి కళ్లుండవు.

భోగి మంటల ప్రస్తావన లేకుండా మన దగ్గర రాత్రి పొగ చర్చ ముగియదు. ఏటా జనవరిలో ఆ ఒక్క రోజు తెల్లవారుజాము గాలి గురించి పత్రికలు రాస్తాయి, మర్నాటికి మరిచిపోతాయి. రసాయనం ప్రకారం భోగి వేరు, పొలం మంట వేరు. జనవరి మధ్యలో మనకు పొద్దుగూకడానికీ పొడవడానికీ మధ్య దాదాపు పదమూడు గంటలు. పొద్దువాలాక అంటించిన కుప్పకు ఆ చీకటంతా దక్కుతుంది. మూడు, నాలుగు గంటలకు వేసిన భోగి మంటకు దక్కేది రెండు మూడు గంటలే. నైట్రేట్ రాడికల్ పని సగంలో ఉండగానే తెల్లారిపోతుంది. భోగి మంటకు వేరే ప్రమాదం ఉంది. పొగతోపాటు వచ్చినదీ, రాత్రంతా తడి ఉపరితలాల మీద తయారైనదీ, నైట్రస్ ఆమ్లం మూత కింద పోగుపడి ఉంటుంది. తొలి ఎండ తగలగానే అది విరిగి ఒక్కసారిగా పగటి రసాయనాన్ని రగిలిస్తుంది. ఆ వేళకు మూత ఇంకా లేవదు. పిడకలు, పాత కట్టె అయితే పండగ ఒక పూట దగ్గుతో పోతుంది. టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు వేసినవాళ్లకు పండగ పేరు చెప్పుకునే హక్కు లేదు. అయినా ఏడాదికొక తెల్లవారుజామును పట్టుకుని ఊగి, జనవరి నుంచి మే దాకా సాగే సాయంత్రాల మంటలను వదిలేయడం విచిత్రమైన ప్రాధాన్యం.

ఏం చేయాలన్నదానికి నిషేధం ఒక్కటే జవాబు కాదు. జాతీయ హరిత ట్రైబ్యునల్ 2015 డిసెంబరులో ఉత్తరాది రాష్ట్రాల్లో వ్యర్థాల దహనాన్ని నిషేధించింది. పదేళ్ల అనుభవం మన ముందుంది. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం కథ ఇంతకన్నా ఉపయోగకరం. అక్కడ గడ్డి విత్తనాల చేలు తగలబెట్టేవారు. 1988 ఆగస్టు 3న ఆ పొగ పక్కనున్న పెద్ద రహదారిని కమ్మేసి, వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకుని ఏడుగురు చనిపోయారు. 1991లో చట్టం తెచ్చి తగలబెట్టే విస్తీర్ణాన్ని దశలవారీగా తగ్గించారు. మిగిలినదానికి వాతావరణం చూసి అనుమతివ్వడం కొనసాగించారు. గాలి ఎంత ఎత్తుదాకా కలుస్తోంది, ఎంత వేగంతో కదులుతోంది అన్న రెండు అంకెల గుణకారాన్ని వెంటిలేషన్ ఇండెక్స్ అంటారు. మన వాతావరణ శాఖ ఢిల్లీకి ఈ సూచీని రోజూ ఇస్తోంది. 6,000 దాటితే పొగ చెదరడానికి అనుకూలం. మధ్యాహ్నం 1,500 మీటర్ల ఎత్తు, సెకనుకు నాలుగు మీటర్ల గాలి ఉంటే లబ్ధం 6,000. రాత్రి 150 మీటర్లు, ఒక మీటరు గాలి ఉంటే 150. నలభై రెట్ల తేడా. ఢిల్లీకి ఇచ్చే అంకెను విజయవాడకు, నందిగామకు ఇవ్వడానికి కొత్త శాస్త్రం అక్కర్లేదు. రైతు సేవా కేంద్రం బోర్డు మీద వానకబురు పక్కన ఇంకో గీత గీస్తే చాలు.

ఇక్కడ రైతు అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. మధ్యాహ్నం అంటిస్తే పొగ పైకి పోతుంది గానీ నిప్పు పక్క చేలోకి పోవచ్చు. మంచు విడిపోయాక, గాలి ఊపందుకోకముందు, ఉదయం పదికీ పన్నెండుకీ మధ్య ఒక సందు ఉంటుంది. చేను చుట్టూ దుక్కి దున్ని, నీళ్ల ట్యాంకరు దగ్గర పెట్టుకుని ఆ వేళకు అంటించడం సాయంత్రం కన్నా ఎంతో నయం. కూలీల వేళలు మార్చుకోవాలి, కుప్పలు ముందురోజే వేసుకోవాలి. కష్టమే గాని కానిపని కాదు. నిజానికి ఈ వెసులుబాటు మధ్యంతర ఏర్పాటు మాత్రమే. అలాగని పత్తి కట్టెను చేలో ఉంచుకోమని కూడా రైతుకు చెప్పలేం. విచ్చుకోని కాయల్లో గులాబీ రంగు పురుగు దాక్కుని వచ్చే ఏడాది పంట మీద పడుతుంది. పంట ముగియగానే కట్టె తీసేయమని వ్యవసాయ శాఖే చెబుతుంది, చెప్పాలి కూడా. ఒక శాఖ తీసేయమంటే, ఇంకో శాఖ అంటించొద్దంటే, మధ్యలో అగ్గిపెట్టె రైతు చేతిలో ఉంటుంది.

ముక్కలు చేసి నేలలో కలిపే ష్రెడ్డర్లు ఒక దారి. హైదరాబాద్‌లోని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రీడా, 200 లీటర్ల డ్రమ్ముతో పత్తి కట్టెను బొగ్గుగా మార్చి నేలకిచ్చే చవక బట్టీ తయారుచేసింది. అది చిన్న కమతాలకు పనికొస్తుంది. పెద్ద గిరాకీ ఉన్నది వేరేచోట. బాగా ఎండిన పత్తి కట్టె వేడినివ్వడంలో మన దేశపు బొగ్గుకు దాదాపు సాటి. థర్మల్ కేంద్రాలు బొగ్గులో పంట వ్యర్థాల గుళికలు కలపాలన్న కేంద్ర విధానం, 2023 సవరణతో, 2024-25 నుంచి 5 శాతం, 2025-26 నుంచి 7 శాతం అని చెప్పింది. ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ కేంద్రం ఈ మండలాలకు కూతవేటులో లేకపోయినా, లారీ పొద్దున పోయి మధ్యాహ్నానికి తిరిగొచ్చే దూరంలోనే ఉంది. జగ్గయ్యపేట చుట్టూ సిమెంటు కర్మాగారాల బట్టీలు బొగ్గు మండిస్తూనే ఉన్నాయి. కట్టెను కొనే ధర, దాన్ని పీకించి రోడ్డు దాకా చేర్చిన కూలి కన్నా నాలుగు రూపాయలు ఎక్కువ ఉంటే నందిగామ డివిజన్‌లో సాయంత్రం కుప్ప అంటించే రైతు కోసం వెతుక్కోవాల్సి వస్తుంది. ఆ ధర ఎంతో లెక్కగట్టి, కొనుగోలు కేంద్రం ఎక్కడ పెట్టాలో తేల్చాల్సింది వ్యవసాయ, ఇంధన శాఖలు, కాలుష్య నియంత్రణ మండలి కలిసి. ఈ సీజను పత్తి తీత ముగిసేలోపు.